గడి దాటని చీరలు

మా అత్తగారి ఎదుట "సరుకు లేదు" అనడం నేరం. విజయనగరంలో మా బట్టల కొట్టుకి మొదటి నుంచీ అదే ఆచారం. ఏదైనా అయిపోతే "నిండుకుంది" అనాలి. అమ్ముడైనదాని పేరు కొట్టెయ్యకూడదు.

అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చిన కొత్తలో, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు చీరలన్నీ ఫొటోలు తీసి కొట్టులోని కంప్యూటర్లో ఎక్సెల్ షీట్‌లో పెట్టింది. వరసకో చీర, దాని నంబరు, పక్క గడిలో బొమ్మ. షీటు ఊళ్లలోని ఖాతాదార్ల ఫోన్లకు పంపేది. అత్తగారు ఒప్పుకున్నది ఒక్క పెళ్లిళ్ల సీజనుకే. కుదరకపోతే అక్క మళ్లీ వంటింటికే. ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది.

బొమ్మలు చెదిరిపోతున్నాయని మేమే వాటిని కదలకుండా బిగించాం. అమ్ముడైన చీర వరసను, ఆచారం ప్రకారం, తుడిపెయ్యకుండా దాచేసేవాళ్లం. దాచగానే కింది వరసలు పైకి జరిగాయి, బొమ్మలు జరగలేదు. అక్కణ్నించి కింద ప్రతి చీర పక్కనా పైదేదో చీర బొమ్మ! గజపతినగరంలో ఒక పెళ్లికూతురి తల్లి తామరపువ్వు రంగు చీర చూసి పక్కనున్న నంబరు చెప్పింది. ఆ నంబరుకి చిలకపచ్చ చీర వెళ్లింది.

మర్నాడే ఆవిడ కొట్టులో దిగింది. "నానేటి సూసినాను, నువ్వేటి పంపినావమ్మా? ఎల్లుండే పెళ్లి!"

అత్తగారు ఆవిడకి మంచినీళ్లిచ్చి అక్క వైపు తిరిగారు. "సాలు. ఆ డబ్బా కట్టీసి లోపలికి పో."

నేనైతే దెబ్బలాడేదాన్ని. అక్క "ఒక్క నిమిషం అత్తా" అని, దాచిన వరసలన్నీ బయటికి తెచ్చింది. బొమ్మలు వాటి వాటి చీరల పక్కకి చేరాయి. అన్నిటినీ ఒక్కసారే పట్టి, గడి కదిలితే కదిలేలా, గడి ముడుచుకుంటే ముడుచుకునేలా మార్చి, మళ్లీ దాచింది. ఈసారి అమ్ముడైన చీరల బొమ్మలు కూడా వరసలతో పాటే మడతపడిపోయాయి. ఎవరు నేర్పారు ఆమెకి? ఎవరూ లేరు. మధ్యాహ్నాలు మేం కునుకు తీస్తుంటే ఆమె ఆ మెనూలన్నీ తెరిచి చూసుకునేది. ఆమెని చూసి నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

తర్వాత బీరువాలోంచి తామరపువ్వు రంగు చీర తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

అత్తగారు తెర మీద ఒక్కో నంబరూ, దాని బొమ్మా సరిచూసుకున్నారు. తర్వాత గల్లాపెట్టె ముందున్న తన కుర్చీలోంచి లేచారు. ఆ కుర్చీలో ఏ కోడలూ ఎన్నడూ కూర్చోలేదు.

"ఇలారా, కూకో," అన్నారు అక్కతో. "ఎవులు లెగమన్నా లెగకు."