పడుగు దిగేదాకా గడువు

ఇదొక మహాయుద్ధ గాథ అని మొదలుపెడదామనుకున్నాను. కానీ జరిగిందంతా కరీంనగర్ బస్సులో, కూర్చున్నచోటే.

ముందురోజే మా ఇంటి ఓనరు నా పరుపు వాకిట్లో పడేసి గదికి తాళం వేశాడు. పక్క సీట్లోని నేతపని పెద్దాయనకూ ఇల్లు పోతోంది. కాకపోతే ఆయనకు నోటీసు వచ్చింది, అద్దె తగాదాలు చూసే రెంట్ కంట్రోలర్ పిలిచి మాట విన్నాడు.

"మగ్గానికి గుంట తవ్వి ఇల్లు ఖరాబు జేసిన్నని ఓనరు కేసేసిండు బిడ్డా. గుంట లేకుంటె కాళ్లేడ వెట్టాలె సారూ అన్న. సారు నవ్విండు. మగ్గం మీది నూలు పడుగు నేసుడయి దిగేదాక ఉండుమన్నడు."

నాకు ఆయన మీద కుళ్లు పుట్టింది. మనిషిని ఇంత మర్యాదగా కూడా వెళ్లగొడతారా?

"నిన్నెట్ల ఎల్లగొట్టిండు మీ ఓనరు?" నా పరుపుచుట్ట చూసి అడిగాడు.

"నేను బాయికాడ తానం చేస్తుంటె తాళమేసిండు కాకా."

ఆయన తన మూట కింద పెట్టి, నా పరుపుచుట్టను సీటు మీదికి జరిపాడు. జాలిపడే హోదా కూడా ఆయనకే దక్కిందని ఇంకా కుళ్లుకున్నాను.

"అయితే మెల్లగ నెయ్యి కాకా."

"మెల్లగ నేస్తె ఇల్లుంటది, తిండుండది."

ఇల్లు వదిలి పోయేముందు మగ్గం గుంట కూడా ఆయనే పూడ్చాలట. రెండు బండ్ల మొరం మట్టి పడుతుంది.