నాకంటే ఒక రోజు ముందు

నేను ఉరవకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. వయసు యాభై రెండు. దయ్యాలూ గాలీ ధూళీ లాంటివి ఏనాడూ నమ్మలేదు. మా వీధిలో ఒక పిల్లకు జ్వరమొస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వాళ్లింటికి వెళ్లి పోట్లాడి, ఆ పిల్లను ఆసుపత్రికి పంపించిన మనిషిని నేను. ఇప్పుడు రాస్తున్నది నన్నెవరైనా నమ్మాలని కాదు. నాకు జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకోవాలని.

మా ఇంట్లో నేనూ మా వదినా ఇద్దరమే ఉండేవాళ్లం. వదినంటే మా అన్న భార్య, లక్ష్మీదేవి. అన్న పోయి చాలా కాలమైంది. నా పెళ్లి రెండేళ్లకే తెగిపోయింది. ఎవరికీ పిల్లల్లేరు. ఆమె ఐదెకరాల చేను చూసుకునేది, నేను బడికి పోయేదాన్ని. ఇరవై రెండేళ్లు అట్లా ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం.

వదినకు ఒకే ఒక్క కోరిక ఉండేది. సముద్రం చూడాలి. మా చేలో ఐదు బోర్లు వేస్తే ఐదూ దుమ్మే పోశాయి. అన్నం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు, తాగగా మిగిలిన గుక్కెడు, అన్నీ చెట్ల మొదట్లోకి పోవాల్సిందే. అట్లాంటి మనిషికి నేను ఫోన్లో సముద్రం వీడియోలు చూపిస్తే నోరు తెరిచి చూసేది.

“అన్ని నీళ్లు యాడనుంచి వచ్చినాయి విమలా?” అనేది.

“ఉప్పునీళ్లు వదినా, తాగేకి పనికిరావు.”

“తాగకపోతే పాయె. కాళ్లు పెట్టుకుందాంలే ఇద్దరం.”

దసరా సెలవుల్లో పోదామనుకున్నాం. పాత క్యాలెండరు వెనకాల ఊళ్ల పేర్లు రాసింది నేనే. ముందు బాపట్ల దగ్గర సూర్యలంక. తరువాత చీరాల దగ్గర వాడరేవు. అక్కణ్ణుంచి ఒంగోలు వైపు తీరంలో సరుగుడు తోటలో గుడారాలు వేసి అద్దెకిచ్చే చోటు ఒకటి. చివర నెల్లూరు దగ్గర మైపాడు. రైలు టిక్కెట్లు కూడా తీసుకున్నాం. వినాయక చవితి వెళ్లిన వారానికి వదినకు జ్వరం తగిలింది. అనంతపురం ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ఐదో రోజు పోయింది.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో రాయలేను. బడి నుంచి వచ్చి తాళం తీస్తే ఇంట్లో ఏ చప్పుడూ ఉండేది కాదు. పెట్టినవి పెట్టినచోటే ఉండేవి. మరుసటి దసరాకు ఆ క్యాలెండరు తీసుకుని ఒక్కదాన్నే బయలుదేరాను.

గుంతకల్లులో రైలెక్కి గుంటూరులో దిగి, బస్సులో బాపట్ల మీదుగా సూర్యలంక చేరాను. జీవితంలో మొదటిసారి సముద్రం చూశాను. చూడగానే పక్కకు తిరిగి “చూస్తివా” అనబోయి ఆగిపోయాను. ఒడ్డుకు పైన చిన్న పార్కు ఉంది. సిమెంటు బల్లలు, తుప్పు పట్టిన ఉయ్యాల. సెలవులు కదా, కుటుంబాలు చాలానే వచ్చి ఉన్నాయి. ఒక్కరుగా కూర్చున్నదాన్ని నేనే.

మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆయన నన్ను చూసి తెలిసినవాడిలా నవ్వాడు. “ఇవాళ ఒక్కరే వచ్చారేంటమ్మా? నిన్న ఇద్దరొచ్చారుగా,” అన్నాడు.

నేను నిన్న రైల్లో ఉన్నాను. ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో అనుకుని పొత్తు తీసుకుని వచ్చేశాను. ఆ మాటను అక్కడితో మరిచిపోయాను కూడా.

మరునాడు వాడరేవు. పడవలు ఇసుక మీదకు లాగి ఉన్నాయి. వాటి పక్కన ఒకామె టీ అమ్ముతోంది. ఒక టీ అడిగితే రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. ఒకటే చాలన్నాను.

“ఆవిడ రాలేదాండీ ఇవాళ?” అంది.

ఎవరని అడిగాను.

“అదేనండీ, మీతో నిన్న వచ్చిన పెద్దావిడ. మీ వదినగారన్నారు కదా. గ్లాసు పట్టుకుంటే చూశాను, పాపం చూపుడు వేలు సగం లేదు.”

మా వదినకు కుడిచేతి చూపుడు వేలు పై కణుపు లేదు. వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లో పడి తెగిపోయింది. ఈ సంగతి మా ఊళ్లోవాళ్లకు తెలుసు. వాడరేవులో టీ అమ్మే మనిషికి తెలిసే దారి లేదు.

ఆవిడ ఏమైనా మాట్లాడిందా అని అడిగాను. టీ ఆమె నవ్వింది. “మీ మాట భలేగా ఉంటదండీ. ‘ఇన్ని నీళ్లు ఊరికే పోతాండాయే, ఎవరూ పట్టుకోరా ఈడ?’ అన్నారావిడ. మీరేమో ఆవిణ్ణి చూసి ఒకటే నవ్వడం.”

చెబితే వింతగా ఉంటుంది, నాకు అప్పుడు భయం వేయలేదు. తొందర పుట్టింది. క్యాలెండరు ప్రకారం వాడరేవులో ఇంకో రోజు ఉండాలి. ఉండలేకపోయాను. తెల్లవారి మొదటి బస్సుకే ఒంగోలు వైపు బయలుదేరాను. దారి పొడవునా కిటికీలోంచి రోడ్డు మీద నడిచే ప్రతి ఆడమనిషినీ చూశాను. ఇంకెవరో రాయలసీమ ఆడవాళ్లు ఇద్దరు నాలాగే తిరుగుతున్నారేమో, తెగిన వేలు ఇంకొకరికి ఉండకూడదా అని లెక్కల టీచరుగా నాకు నేను చెప్పుకున్నాను. కానీ బస్సు ఆగినచోటల్లా నా కళ్లు ఆమెనే వెతికాయి.

గుడారాల చోటు చేరేసరికి ఉదయం పది దాటింది. సరుగుడు చెట్ల మధ్య ఎనిమిదో తొమ్మిదో గుడారాలు. చెట్లకు అవతల సముద్రం. ముప్పై ఏళ్ల మేనేజరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“ఏమన్నా మర్చిపోయారా మేడమ్? గంట కూడా కాలేదుగా మీరు ఖాళీ చేసి.”

నేను ఇప్పుడే వస్తున్నానని చెప్పాను. అతను నన్ను అదోలా చూసి రిజిస్టరు నా వైపు తిప్పాడు. నిన్నటి తేదీ కింద రెండు పేర్లున్నాయి. ఒకటి లక్ష్మీదేవి. దాని కింద విమల, ఉరవకొండ. రెండూ ఒకే చేత్తో రాసినవి. ఆ చెయ్యి నాది. పాతికేళ్లుగా నల్లబల్ల మీద రాసి రాసి అలవాటైన నా రాత నాకు తెలియదా? అప్పుడు ఫోటో తీసుకోవాలని తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

ఆ గుడారం చూపించమన్నాను. ఇంకా ఊడ్చలేదు. రెండు మంచాలు దగ్గరికి జరిపి ఉన్నాయి. నీళ్ల జగ్గు మీద పళ్లెం, పళ్లెం మీద బోర్లించిన గ్లాసు. బయట గుమ్మం పక్కన చిన్న సరుగుడు మొక్క ఉంది. చుట్టూ ఇసుక ఎండిపోయి తెల్లగా ఉంటే, ఆ మొక్క మొదట్లో మాత్రం గుండ్రంగా తడిగా ఉంది. మిగిలిన నీళ్లెవరో దానికి పోశారు.

“మైపాడు పోతామన్నారు,” అన్నాడు మేనేజరు. “పెద్దావిడ ఒకటే తొందర పెట్టారు. ఇప్పుడు ఆటో పిలిస్తే మెయిన్‌రోడ్డు మీద బస్సు దగ్గరే ఆవిణ్ణి అందుకుంటారు. పిలవమంటారా?”

అప్పుడు భయం వేసింది.

వదినంటే భయం కాదు. ఆమె ఏ రూపంలో ఎదురొచ్చినా నేను భయపడేదాన్ని కాదు. ఆమె పక్కన ఉన్న మనిషి తలపుకొచ్చింది. వాడరేవులో నవ్విన మనిషి, ఈ పుస్తకంలో నా రాతతో పేరు రాసిన మనిషి. బస్సు దగ్గర ఆమె తల తిప్పి నన్ను చూస్తే? అక్కడున్నది నేనైతే ఇక్కడ నిలబడింది ఎవరు? ఏడాదిగా ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్నది ఎవరు? ఆ మంచం మీదే కూర్చుండిపోయాను.

“వద్దప్పా, నేను ఈడే ఉంటాను,” అన్నాను.

ఆ రోజూ ఆ మరునాడూ గుడారం వదలలేదు. భోజనం లోపలికే తెప్పించుకున్నాను. మేనేజరు రెండుసార్లు వచ్చి ఒంట్లో బాగాలేదా, ఇంటికి ఫోన్ చేయమంటారా అని అడిగాడు. ఇంట్లో ఎత్తడానికి ఎవరూ లేరని చెప్పలేదు. సముద్రం పక్కనే ఉన్నా పోయి చూడలేదు. వాళ్లను దూరం పోనివ్వాలి, బాగా దూరం పోయాక నేను కదలాలి, ఇదే ఆలోచన. మూడో రోజు పొద్దున, ఇంటికి పోవాలన్నా నెల్లూరు వైపు బస్సే ముందు దొరుకుతుందని నాకు నేను సాకు చెప్పుకుని మైపాడు పోయాను.

సెలవులు అయిపోవచ్చాయి. ఒడ్డున జనం పలచగా ఉన్నారు. తాటాకు పందిరి కింద ఒక ముసలామె గవ్వల దండలు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను ముందు నుంచి పోతుంటే కళ్లు చికిలించి చూసింది.

“నువ్వేనా తల్లీ విమలంటే?”

అవునన్నట్టు తలాడించాను.

“ఇప్పుడా రావడం? రెండు రోజులు చూసింది నీకోసం, ఆ వేలు లేనామె.”

“ఎవరెవరు వచ్చినారు?” అని అడిగాను.

“ఎవరెవరేంది? ఒక్కతే వచ్చింది.”

“పక్కన నా మాదిరి ఇంకొకరు లేరా?”

“లేరు తల్లీ. ఒక్కతే. ఇదిగో ఈడనే కూర్చుంది, నా పందిట్లోనే. పొద్దున రావడం, పొద్దు వాలేదాకా రోడ్డు వంక చూడటం. సముద్రం అటుంటే ఇటు చూస్తావేందమ్మా అంటే, ‘మా విమల వస్తాది, ఎనకాలే వస్తాండాది’ అనింది. పోయి నీళ్లలో కాళ్లన్నా తడుపుకోమన్నాను. ‘వద్దులే, అది వచ్చినాక ఇద్దరం పోతాం’ అనింది.”

ముసలామె చెప్పింది ఇంతే. నిన్న సాయంత్రం తను దండలు మూట కట్టుకుని తల ఎత్తేసరికి ఆమె లేదట. ఎటు పోయిందని అడిగాను. చూడలేదంది. ఇసుకలో దూరంగా కూడా ఎవరూ కనపడలేదంది. ఏమన్నా తిన్నదా అని అడిగాను. మంచినీళ్లు మాత్రం ఒకసారి అడిగి తాగిందని చెప్పింది.

నేను చెప్పులు విప్పి నీళ్ల దగ్గరికి నడిచాను. అల వచ్చి పాదాలు ముంచి వెనక్కి పోయింది. కాళ్ల కింద ఇసుక జారుతుంటే పట్టుకోవడానికి చెయ్యి పక్కకు చాచాను. అలవాటు కొద్దీ చాచిన చెయ్యి. “వదినా, వచ్చినాను,” అని గట్టిగానే అన్నాను. దగ్గర్లో బంతి ఆడుకుంటున్న పిల్లలు ఆగి నన్ను చూశారు. పొద్దు వాలేదాకా ఆ పందిట్లో ముసలామె పక్కన కూర్చున్నాను. ఎవరూ రాలేదు. చీకటి పడకముందే ఆమే నన్ను లేపి ఆటో ఎక్కించింది.

ఊరికి వచ్చాక గుడారాల చోటుకు ఫోన్ చేశాను. ఆ మేనేజరు పని మానేశాడని, పాత పుస్తకాలు ఎక్కడున్నాయో తనకు తెలియదని కొత్తగా వచ్చినతను చెప్పాడు. మరుసటి దసరాకు మళ్లీ పోయాను. అవే ఊళ్లు, అదే వరస, ఒక్క రోజు కూడా ఎక్కడా ఆగలేదు. వాడరేవు టీ ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఒకటే గ్లాసు తెచ్చి పెట్టింది. మైపాడులో తాటాకు పందిరి లేదు, ముసలామె సంగతి ఎవరూ చెప్పలేకపోయారు.

నలుగురు మనుషులు, నాలుగు ఊళ్లు, ఒకరికొకరు తెలియనివాళ్లు. వాళ్లు నన్ను మోసం చేసి బాగుపడేది ఏమీ లేదు. నా మనసే చెదిరి ఇదంతా అల్లుకుందా అంటే, ఆ వేలు సంగతి ముందు చెప్పింది నేను కాదు. మొదట ఇద్దరుగా ఉన్నవాళ్లు మైపాడుకు ఒక్కరుగా ఎట్లా చేరారో, ఎన్నిసార్లు కూడి తీసినా నాకు లెక్క తేలలేదు. ఆమె మైపాడులో నాకోసం చూసిన ఆ రెండు రోజులూ నేను గుడారంలో నాకు నేనే భయపడి ఆగిపోయానని, అదొక్కటే నాకు తెలిసింది.