తెల్లకర్ర బొమ్మ పలికిన ఉదయం

ముందుగా, నేను రాసి పెట్టుకున్నవి.

సోమవారం: గుంటూరు మిర్చి యార్డు ధరలు చెప్పుకోవడానికి పెట్టిన మా ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో, క్రికెట్ అంపైర్‌ను తిడుతూ తెల్లకర్ర పట్టుకున్న మనిషి ఎమోజీ బొమ్మ పెట్టారు.

బుధవారం: మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు సరిగా ఏరలేదని కూలికి వచ్చిన ఆడవాళ్ళ మీద అదే బొమ్మ.

శుక్రవారం: మంచుకు కాయ మెత్తబడిందా అని నా భార్య సుగుణమ్మ అడిగిన ప్రశ్న కింద అదే బొమ్మ, పక్కన పళ్ళికిలించే ముఖాలు. పెట్టినవాడు ఆమె సొంత అన్న కొడుకు కిరణ్. సుగుణమ్మకు చూపు లేదు. నీటికాసుల జబ్బుతో, గ్లకోమాతో, పోయింది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. దయ్యాలను నమ్మలేదు. ఎవరైనా చూశామంటే, ఎక్కడ, ఏ వెలుతురులో అని అడిగేవాణ్ణి.

ఆ బొమ్మ సంగతి కూడా అలాగే ఆరా తీశాను. చూపులేని మనిషి తన గురించి తాను చెప్పుకోవడానికి దాన్ని ఫోను బొమ్మల్లో చేర్చారట. తప్పు చేసిన ప్రతివాణ్ణీ గుడ్డివాడని వెక్కిరించడానికి కాదు. సుగుణమ్మ ఫోను తెర మీద ఉన్నదంతా పైకి చదువుతుంది. ఆ బొమ్మ వస్తే "తెల్లకర్ర పట్టుకున్న మనిషి" అంటుంది. అన్నం ముందు కూర్చుని ఆమె ఆ మాట వింటుంటే నేను కంచం పక్కకు నెట్టాను. అంత అసహ్యం వేసింది.

శనివారం కిరణ్ ఇంటికి వచ్చి, "సరదాకి పెట్టా అత్తా, దానికే ఇంత ఇదైపోతే ఎట్టా?" అన్నాడు.

"నీ సరదాని నా ఫోను గొంతు చించుకుని చదువుతుందిరా వెధవా," అంది సుగుణమ్మ. వాడు వెళ్ళాక నాతో, "రేపు చర్చికి వెళ్ళొచ్చాక నా తెల్లకర్ర అటక మీద పడెయ్యండి. నేనిక బొమ్మలాగా ఊళ్ళో తిరగను," అంది.

ఒంటరిగా నడవడం నేర్చుకోవడానికి ఆమె పడిన కష్టం నాకు తెలుసు. 

ఆదివారం ఉదయం బయలుదేరాం. ప్రార్థనలో మోగకూడదని ఆమె ఫోనును నా చేతులతోనే పూర్తిగా ఆపి, బైబిలు సంచిలో వేసుకున్నాను. మిరప కోతల కాలంలో మా వీధి పొడవునా ప్లాస్టిక్ పట్టాలు పరిచి కాయ ఎండబోస్తారు. కర్రకు పట్టా తగిలితే సుగుణమ్మ పరాయివాళ్ళ పంట తొక్కకుండా, చెప్పులు విడిచి చేత పట్టుకుని, అంచును పాదంతో తడుముతూ నడుస్తుంది. ఆ అంచు ఆమెను ఎన్నడూ మోసం చేయలేదు. నేను వెనక నడుస్తాను. చెయ్యి పట్టుకుంటే ఆమెకు నచ్చదు.

కిరణ్ ఇంటి ముందు కర్రకు పట్టా తగిలింది. చెప్పులు విడిచి పాదం ఎత్తింది. నా సంచిలోంచి "తెల్లకర్ర పట్టుకున్న మనిషి" అని వినిపించింది.

ఎత్తిన పాదం వెనక్కి తీసుకుని, "ఫోను ఆపలేదా?" అంది కోపంగా.

బయటికి తీశాను. తెర నల్లగా ఉంది. ముట్టుకుంటే వెలగలేదు. నా అరచేతిలో ఉండగానే అదే మాట మళ్ళీ పలికింది. మీట నొక్కిపట్టాను. ఆపేసిన ఫోను మొదటినుంచి తెరుచుకున్నట్టే నిదానంగా తెరుచుకుంది. కొత్త సందేశమేదీ లేదు.

అప్పుడు చూశాను. పట్టా మీద కాయ లేదు. అంచుల మీద అందరూ పెట్టినట్టే రాళ్ళున్నాయి. నడుమ కొంచెం కుంగి ఉంది. ఎత్తి చూస్తే, ఆమె పాదం పెట్టబోయిన అంచుకు ఆనుకునే ఇంకుడు గుంత, మనిషి లోతున. రెండు కళ్ళున్న నేను కూడా గమనించలేదు.

కిరణ్ పరుగెత్తుకొచ్చి, "కోళ్ళు పడకుండా కప్పాను మావయ్యా," అన్నాడు.

వాడికి కోళ్ళు గుర్తొచ్చాయి. మేనత్త గుర్తు రాలేదు.

ఆపిన ఫోను మాట్లాడదని బాగుచేసే కుర్రాడు తేల్చి చెప్పాడు. దేవుడే కాపాడాడని చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగారు. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పలేనన్నాను. సాయంత్రానికి గ్రూపులో మళ్ళీ అదే బొమ్మ, పక్కన దణ్ణం పెట్టే చేతులు: "అత్తని బొమ్మే కాపాడింది!" పెట్టినది కిరణే. ఎగతాళి కంటే ఆ దణ్ణమే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

కర్ర అటకెక్కలేదు. తలుపు పక్కనే ఉంది.

కావున గ్రూపు సభ్యులకు తెలియజేయునది: కింది వాటికి వచ్చే ఆదివారంలోగా సంతకంతో లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలెను. గుంత చుట్టూ కంచె వేయకుండా పట్టా ఎందుకు కప్పారు? ఆ బొమ్మను ఇంతకాలం ఏ అర్థంతో వాడారు?

మూడో ప్రశ్న సుగుణమ్మ చేర్చమంది. ఎవరికి పంపాలో తెలియక చిరునామా ఖాళీగా వదిలాను: ఆ ఉదయం మమ్మల్ని ఆపింది ఎవరు?