‘పనికివస్తుంది’ అని రాసిన కాలు

1995లో నన్ను భిలాయిలోని ఒక ఆసుపత్రికి, కృత్రిమ అవయవాల విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. కాళ్ళు చేయడం, బిగించడం, బాగుచేయడం నా పని. దాంతోపాటు ఒక సంతకం బాధ్యత కూడా ఉండేది. కాంట్రాక్టు కార్మికుల బీమా పథకం ఒక మనిషికి ఒకే కాలు ఇచ్చేది. మరొకటి కావాలంటే పాతది పనికిరాదని టెక్నీషియన్ కార్డు మీద రాయాలి. పనికివస్తుందని రాస్తే ఆ ఫైలు ఇక కదలదు.

నా చేతి పని మీద నాకు గర్వం కాస్త ఎక్కువే. నేను చేసిన కాలు పనికిరాదని నేనే రాయడమంటే తల కొట్టేసినట్టుండేది.

అప్పలనాయుడు శ్రీకాకుళం వైపు మనిషి. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు మీద పొగగొట్టాలెక్కి రంగులు వేసేవాడు. పనికి వెళ్తూ పవర్ హౌస్ దగ్గర లారీ కింద పడ్డాడు, ఎడమకాలు మోకాలి దిగువన తీసేశారు. నేనిచ్చిన కాలితో నడక కుదిరిందో లేదో, నందిని అనే ఊరి వైపు తవ్వకం ఆపేసిన ఒక పాత సున్నపురాయి క్వారీలో ఆదివారాలు బండలెక్కే క్లబ్బులో చేరాడు. మా రబ్బరు పాదం నడకకు చేసింది. బండ అంచు మీద మునివేళ్ళతో నిలబడితే వంగిపోతుంది. ఎక్కడానికి గట్టి పాదమున్న వేరే కాలు కావాలని అతను అర్జీ పెట్టుకున్నాడు.

అంతకుముందు కాలిని తొడకు బిగించే పట్టీ వదులైందని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ బాగుచేసి ‘పనికివస్తుంది’ అని రాశాను. చివరిసారి తొడపట్టీకి రెండు బకిల్స్ వేసి, ఏనుగు లాగినా ఊడదని గొప్పగా చెప్పి పంపాను. ఆ సంతకాలే చూపించి బీమావాళ్ళు అర్జీ తిప్పికొట్టారు.

కాగితం పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. “ఏటి మాస్టారూ, మీ సంతకమే నా కొంప ముంచింది. కిందనే పడుండమంటే నాకు ఊపిరాడదు.”

అబద్ధం రాయనని కటువుగానే చెప్పాను.

“అబద్ధమొద్దు. ఆదివారం వచ్చి మీ కళ్ళతో సూడండి” అన్నాడు.

వెళ్ళాను. తాడు బండ పైనున్న కొక్కెం గుండా వచ్చి ఒక కొస అప్పలనాయుడి నడుముకు, రెండోది కింద నిలబడ్డ ఫ్రాన్సిస్ చేతికి ఉంది. ఫ్రాన్సిస్ ఆ క్లబ్బులో పాతకాపు. నాయుడు మూడు నిలువుల ఎత్తు చకచకా ఎక్కేశాడు. అక్కడ ఎడమపాదం ఒక పగుల్లో పెట్టి బరువు మోపాడు. పాదం వంగి, మెలి తిరిగి, పగుల్లో ఇరుక్కుపోయింది. లాగితే రాలేదు. మోకాలు పక్కకు తిరుగుతోంది, బరువంతా కుడికాలి మీదే పడుతోంది.

కాలు విప్పెయ్యమని అరిచాను. అన్న తరువాత గుర్తొచ్చింది. నేను వేసిన ఆ రెండు బకిల్స్ ఒక చేత్తో ఊడవు. రెండు చేతులూ కావాలి. అతను చేతులతోనే బండను పట్టుకుని ఉన్నాడు.

“ఛోడో భయ్యా! రెండు చేతులూ వదిలెయ్, నేనున్నా!” అని ఫ్రాన్సిస్ తాడు బిగించి వెనక్కి వాలాడు.

నాయుడు ఒకసారి కిందికి, ఫ్రాన్సిస్ చేతిలోని తాడు వైపు చూశాడు. తరువాత చేతులు వదిలేశాడు. తాడుకు వేలాడుతూ, వంగి, మొదటి బకిల్ తీశాడు. రెండోది బిగుసుకుపోయింది. నేను కింద నిలబడి నా పనితనాన్ని నేనే తిట్టుకున్నాను. అంత భయం సర్వీసులో మరెప్పుడూ పడలేదు. చివరికి అదీ ఊడింది. ఒంటికాలితో అతను నేల మీదికి దిగాడు. నేను చేసిన కాలు పగుల్లోనే నిలబడి ఉండిపోయింది.

రొప్పుతూ అతను అడిగింది ఒక్కటే. “ఇప్పుడు రాయండి మాస్టారూ, పనికొస్తాదో రాదో.”

సోమవారం కార్డు మీద ఇలా రాశాను: నడకకు పనికివస్తుంది, ఎక్కడానికి పనికిరాదు, లోపం వాడిన మనిషిది కాదు, పట్టీ బిగించిన నాది. బీమా అధికారి పిలిపించి, మూడుసార్లు బాగుందని రాసి ఇప్పుడీ మాటేమిటని నిలదీశాడు. అప్పుడు వర్క్‌షాపు గచ్చు మీద చూశాననీ, ఇప్పుడు బండ మీద చూశాననీ చెప్పాను. నాయుడికి గట్టి పాదం కాలు మంజూరైంది, నాకు మెమో వచ్చింది. నిబంధన మాత్రం మారలేదు.

మనిషి ఆ కాలితో ఎక్కడ నిలబడతాడో అడగకుండా కార్డు మీద సంతకం చేయకూడదని అప్పుడు నేర్చుకున్నాను. ఒక చేత్తో ఊడని పట్టీని ఆ తరువాత ఎవరికీ బిగించలేదు.