నాలుగు నిమ్మకాయలు, ఒక ఇండికేటర్

ఒకే ఒక్క కొబ్బరికాయతో కట్టుకున్న భార్య ఉద్యోగం, ఆమె చేరకముందే ఊడగొట్టడం సాధ్యమా అని మీకు అనుమానం ఉంటే, నిక్షేపంగా సాధ్యమే. నేను చేశాను. పైగా తప్పంతా ఆమెదేనని ఎనిమిదేళ్లుగా ఆక్లాండ్‌లో కనిపించిన ప్రతి తెలుగువాడికీ చెప్పాను. మొన్న శాండ్రింగ్‌హామ్‌లో ఒకరింటి భోజనాల దగ్గర, ఈ మధ్యే వచ్చిన ఒకమ్మాయి "ఆంటీ, ఫస్ట్ టైమ్ మీరు డ్రైవింగ్ టెస్ట్ పోగొట్టుకున్నారట కదా!" అని నవ్వుతూ అడిగింది. మా పద్మ నా ప్లేటులో ఇంకో గరిటె సాంబారు పోసింది, సరిగ్గా గులాబ్‌జామ్ మీద. నిజం చెప్పే సమయం వచ్చిందని నాకు అర్థమైంది.

ముందు మా గ్రాహం గురించి చెప్పాలి. వంటింటి అల్మారాలు చేసే ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజర్, అసలు సిసలు ఇంగ్లండ్ మనిషి. మనం ఆవకాయలో రకాలు చెప్పినట్టు, కాలయాపనలో రకాలు చెప్పేవాడు. పనికి డుమ్మా కొడితే 'స్కైవింగ్'. నలుగురు చేరి కోతివేషాలు వేస్తే 'మకింగ్ అబౌట్'. తెగ హడావిడి పడుతూ, చెమటలు కక్కుతూ, అసలు పని మాత్రం మొదలుపెట్టకపోతే 'ఫాఫింగ్ అబౌట్'. ఈ మూడోది నాకు తెగ నచ్చేసింది. రోజుకు పదిసార్లు గ్రాహం నన్ను అనేవాడు, నేను ఇంటికొచ్చి ఇరవైసార్లు పద్మను అనేవాణ్ని. ఆవిడ కరివేపాకు దూస్తున్నా సరే, "ఫాఫింగ్ ఆపవే!"

ఆ రోజుల్లో పద్మకు ఒక ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకునే పని. ఇల్లిల్లూ తిరగాలి కాబట్టి ఈ దేశపు లైసెన్స్ ఉండాలి. శుక్రవారం సాయంత్రంలోగా చూపిస్తే సోమవారం చేరొచ్చు, లేకపోతే వేరేవాళ్లను తీసుకుంటారు. దొరికిన టెస్టు కూడా ఆ శుక్రవారమే, పది నలభైకి.

తొమ్మిదికల్లా పద్మ తయారై, తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అవును, తొమ్మిదికల్లా. ఈ ముక్క దయచేసి గుర్తుపెట్టుకోండి.

"నడువుండ్రి, పోదాం."

"ఆగు. పదిన్నర నుంచి రాహుకాలం. ఆలోపే బండికి పూజ చేసేస్తే దోషం అంటదు."

"గది మన హైదరాబాద్ క్యాలెండర్ల టైమండి. ఈడ సూర్యుడే వేరే టైముకు లేస్తడు."

"రాహువుకు అన్ని దేశాల వీసా ఉంది, నువ్వు నోర్మూసుకో."

కారు కడిగాను. తూర్పుకు తిప్పాలి కదా? మా ఇంటి ముందు దారేమో దక్షిణానికి ఉంది. ముందుకీ వెనక్కీ ఏడుసార్లు తిప్పి, ఫోనులో దిక్కు చూసుకుని, చివరికి గడ్డి మీద అడ్డంగా ఆపాను. ఇంట్లో నిమ్మకాయలు రెండే ఉన్నాయి, చక్రాలేమో నాలుగు. పక్కింటి మార్గరెట్ గారి చెట్టుంది కదా అని వెళ్లి రెండు అడిగితే, ఆవిడ బకెట్టు నింపి, వాళ్ల మనవడి పెళ్లి సంగతులన్నీ చెప్పి, నా వెంటే వచ్చింది. నేను టైర్ల కింద ఒక్కొక్కటీ పెడుతుంటే కాసేపు చూసి, "రసం తీయడానికి మా ఇంట్లో చిన్న మెషీన్ ఉంది, కావాలా?" అంది.

"పది దాటింది!" అని పద్మ అరిచింది. "మీ గ్రాహం సార్ దీన్ని ఏమంటడో ఓసారి యాది చేసుకోండి!"

"ఇదిగో, కొబ్బరికాయ కొట్టడమొక్కటే. అయిపోయింది."

ఆ కాయ ఏ దీవి నుంచి వచ్చిందో గానీ, తోపు కాయ. నేలకేసి కొట్టాను. పగల్లేదు. మళ్లీ కొట్టాను. బంతిలా ఎగిరి నా మోకాలికి తగిలింది. అవమానం భరించలేక మూడోసారి రెండు చేతులతో ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి వేశాను. ఫట్!

"పగిలిందా?" అంది పద్మ.

"పగిలింది."

"కాయేనా?"

కాయకు గీత కూడా పడలేదు. ముందువైపు ఎడమ ఇండికేటర్ మాత్రం ముక్కలైంది, బల్బుతో సహా.

సెల్లోటేప్ వేస్తే ఎవరికీ తెలియదన్నాను. ఆ టేపు వెతకడానికి ఇంకో పది నిమిషాలు. మొత్తానికి సరిగ్గా పది నలభైకి పడుతూ లేస్తూ టెస్టు దగ్గరికి చేరాం. ఆఫీసర్ కారు ముందు నిలబడి, "ఎడమ ఇండికేటర్ వేయండి" అన్నాడు. వేసింది. వెలగలేదు.

"దీనికేం తగిలింది?"

"కొబ్బరికాయ" అంది పద్మ, అబద్ధమాడటం రాని మనిషి.

ఆయన తలెత్తి ఆకాశం వైపు చూశాడు. టెస్టు పెట్టే ఆ పాపకూర పేటలో కొబ్బరిచెట్లు లేవు. తల దించి, నుదుట బొట్టుతో ఉన్న నన్ను చూశాడు. "ఈ కారుతో టెస్టు పెట్టలేను. ఇంకో రోజు రండి."

ఇంకో రోజంటే ఐదు వారాల తర్వాత. ఉద్యోగం ఐదు వారాలు ఆగలేదు. ఇంటికి వెళ్లేదాకా పద్మ కిటికీలోంచి బయటికే చూసింది. ఏడ్చిందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆదివారం మిత్రులు అడిగితే మాత్రం ధైర్యం ఎక్కడినుంచో వచ్చింది. "ఏం చెప్పమంటారు? అద్దం ముందు గంటసేపు ఫాఫింగ్ చేసింది, టెస్టు పోయింది" అనేశాను. ఆవిడ పక్కనే ఉంది. నా పరువు కాపాడటానికి నోరు విప్పలేదు. ఎనిమిదేళ్లు విప్పలేదు.

ఐదు వారాల తర్వాత ఒక సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర గ్రాహంతో, మిగతావాళ్లతో కబుర్లాడుతున్నాను. మా కారు వచ్చి ఆగింది. లోపల పద్మ ఒక్కతే. టెస్టు రోజు కూడా నాకు చెప్పకుండా, డ్రైవింగ్ నేర్పే ఆవిడ కారు తీసుకుని వెళ్లి పాసై వచ్చింది. నేను నోరు తెరుచుకుని, బ్యాగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నిలబడిపోయాను. ఆవిడ అద్దం దించి, ఫ్యాక్టరీ మొత్తానికి వినబడేలా అంది:

"స్టాప్ ఫాఫింగ్ అబౌట్ అండ్ గెట్ ఇన్!"

గ్రాహం టోపీ తీసి ఆవిడకు వంగి దండం పెట్టాడు.

కాబట్టి సమస్త తెలుగు ప్రజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా పద్మ ఏనాడూ ఏ టెస్టూ తప్పలేదు. ఇకపై నా చేతిలో నిమ్మకాయ పులిహోరకు, కొబ్బరికాయ పచ్చడికి తప్ప దేనికీ పనికిరావు. ఆ పచ్చడికి కూడా కాయ పద్మే కొడుతుంది. కారు వీధి చివర ఆపి వచ్చాక.