ఉప్పు చూసే నోరు

గరిఫలియా వంటకు కొలతలుండవు. గరిట అంచు నుంచి నాలుక మీద ఒక చుక్క వేసుకుంటుంది, చిటికెడు ఉప్పు విసురుతుంది, అంతే. గ్రీసులోని వోలోస్ రేవులో చేపల హోటలు మూతపడేదాకా అలాగే వండింది. తర్వాత ఊరి చివర, సముద్రపొడ్డున, వేల ఏళ్ల కిందటి గ్రీకుల ఊరు ఇలా ఉండేదని యాత్రికులకు చూపడానికి కొత్తగా కట్టిన గ్రామంలో పని దొరికింది. మట్టిగోడలు, రెల్లుకప్పులు, నేల మీద పొయ్యి. ఆవిడ ఒంటికి తెల్లటి దుప్పటి చుట్టి భుజాన ఇత్తడి పిన్ను పెట్టారు. వంగినప్పుడల్లా ఆ పిన్ను ఊడి పులుసులో పడేది.

దానికైనా ఓర్చుకుంది గానీ, మేనేజరు ఫేదోన్ ఆవిడ టమాటాల బుట్ట బయట పెట్టించిన రోజు ఓర్చుకోలేకపోయింది.

"అప్పటివాళ్లకి ఇవి తెలీవు కిరా గరిఫలియా," అన్నాడు, 'కిరా' అని అమ్మగారిని పిలిచినట్టు మర్యాదగానే.

"తెలీకే పోయారు అందరూ," అంది.

ఆ వసంతంలో యాత్రల కంపెనీ యజమాని పావ్లిదిస్ విదేశీయుల బస్సుతో వచ్చి భోజనం ఎలా ఉందో చూస్తానన్నాడు. నచ్చితే వేసవంతా బస్సులు ఇక్కడే ఆగుతాయి. నచ్చకపోతే వంటిల్లు మూసేస్తారు. అతను ఎంచుకున్న రోజు గుడ్ ఫ్రైడే. వచ్చేవాళ్ల చర్చి లెక్క వేరు, వాళ్ల ఈస్టర్ ముందే అయిపోయింది; గరిఫలియా ఊళ్లో ఇంకా కాలేదు, ఆ రోజు అందరికీ కటిక ఉపవాసం.

"వాళ్లు తింటారు, నువ్వు వండుతావు. నిన్నెవరు తినమన్నారు?" అన్నాడు ఫేదోన్.

పొద్దుటి నుంచి చర్చి గంట చావు గంటలా ఆగి ఆగి మోగుతోంది. ద్రాక్షసారా, అంజీర్ పళ్లు వేసిన గొర్రెమాంసం మెత్తగా ఉడికింది. ఉప్పు చేతిలోకి తీసుకుని గరిఫలియా ఆగిపోయింది. నూనె చుక్క కూడా నోట్లో పడకూడని రోజు, మాంసం పులుసు ఎలా నాకడం? చూడకుండా వేస్తే, ఎక్కువైతే తీసేదెవరు? గరిట పట్టుకుని ఫేదోన్ దగ్గరికి నడిచింది.

"కాస్త ఉప్పు చూడు నాయనా."

"నేనా! రాత్రి చర్చి ఊరేగింపులో క్రీస్తు పూలపాడె వెంట అమ్మ పక్కనే నడవాలి. నోటి వాసన పట్టేస్తుంది."

"తల నెరిసింది, ఇంకా అమ్మ భయమా?"

"మా అమ్మని నువ్వు చూడలేదు."

అప్పుడు గుర్తొచ్చాడు గేటు కాపలా మిల్తియాదిస్. దేవుడు లేడని రోజూ కాఫీ దుకాణంలో బల్ల గుద్దే మనిషి.

"నువ్వే దిక్కు మిల్తియాదిస్. నీకు దేవుడు లేడు కదా?"

"లేడు."

"అయితే నోరు తెరువు."

అతను గరిట వంక చూశాడు, గంట మోగేవైపు చూశాడు. "ఇవాళ వద్దులే."

"ఏం? ఇవాళ ఉన్నాడా?"

"ఉన్నాడని కాదు. పీనుగ లేవకుండా మాంసం ముడతారా ఎవరైనా?"

"ఇన్నేళ్లూ నాస్తికుణ్ణని ఊరి బుర్ర తిన్నావు కదరా! ఒక్క చుక్క దగ్గర బయటపడ్డావు."

"ఈస్టర్ వెళ్లాక పిలువు, కుండంతా చూస్తా."

ఇంతలో బస్సు హారన్ వినిపించింది. గరిఫలియా పరుగున వచ్చేసరికి ఫేదోన్ కుండ దించి వడ్డన మొదలుపెట్టించాడు. ఉప్పు ఆవిడ పిడికిట్లోనే కరుగుతోంది.

ఒక విదేశీ ఆవిడ ముద్ద నోట పెట్టి, నమలడం ఆపి మొగుడి మొహం చూసింది. ఫేదోన్ గరిఫలియా పిడికిట్లో ఉప్పు చూసి, సంగతి గ్రహించి, తడుముకోకుండా అన్నాడు: "పాతకాలం వాళ్లు ఉప్పు వాడేవారు కాదండీ."

దాంతో అందరూ నిటారుగా కూర్చుని గుళ్లో ప్రసాదంలా భక్తిగా నమలసాగారు. ఒకాయన ఫొటో తీసుకున్నాడు.

"ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పెరగరా వాళ్లు?" అని తలుపు చాటున పళ్లు నూరింది గరిఫలియా. ఫేదోన్ మోచేత్తో పొడిచాడు.

భోజనాలయ్యాక పావ్లిదిస్ మొహం వెలిగిపోతూ వంటింట్లోకి వచ్చాడు. "అద్భుతం కిరా! మా వాళ్లు ఇంత నోరు మూసుకుని తినడం ఎప్పుడూ చూడలేదు. వేసవంతా ఇదే వండాలి."

"కాస్త ఉప్పు పడితే ఇంకా—"

"వద్దొద్దు! ఉప్పు లేకపోవడమే దీని గొప్ప."

"మీరు తిన్నారా?"

"ఇవాళా?" అని అతను భయంగా సిలువ గుర్తు వేసుకున్నాడు.

వంటిల్లు నిలబడింది. ఉపవాసం ముగిసింది, రుచి చూడటానికి అడ్డేమీ లేదు. బస్సు వచ్చినప్పుడల్లా గరిఫలియా ఒక చుక్క నాలుక మీద వేసుకుంటుంది, మొహం చిట్లిస్తుంది, చప్పిడి పళ్లేలు బయటికి తోస్తుంది. అక్కడేం వండుతున్నావని ఇరుగుపొరుగు అడిగితే, "వండటం లేదు, ఉడకబెడుతున్నా," అని విసురుగా తలుపేసుకుంటుంది.