బాగా కుదిరిన కాయిల్

ఘాజియాబాద్‌లో నా అద్దె గదిలో ఈ సాయంత్రం కాయిల్ చుట్టాను. నా వేప్‌కి, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్‌కి, లోపల వేడెక్కే తీగ కాయిల్ నేనే చుట్టుకుంటాను. నేర్పింది నా రూమ్మేట్ మద్దిలేటి. వాడు మూడు నెలల క్రితం ట్రాన్స్‌ఫర్ మీద కర్నూలు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి తీగ ఒక పక్కే ఎర్రబడినా, లోపల పెట్టిన దూది మాడినా నేను ఫోటో పంపడం, వాడు ఫోన్ చేసి తిట్టడం. ఆఫీసులో "ఠీక్ హై సర్" అంటూ గడిపే నాకు రోజంతటిలో దక్కే తెలుగు అదే.

ఈరోజు స్క్రూడ్రైవర్ మీద ఆరు చుట్లు చుట్టి, బిగించి, బటన్ నొక్కితే కాయిల్ మొత్తం ఒకేసారి ఎర్రబడింది. మొదటిసారి ఒక్క తప్పూ లేదు. దాంతో వాడిని అడగడానికీ ఏమీ లేకుండా పోయింది. పాత ఫోటో ఒకటి వెతికి, "మళ్ళీ మాడిందిరా" అని పంపాను.

వెంటనే ఫోన్ వచ్చింది.

"ఇది పోయిన వారం పంపినావు కదరా! పక్కన బిస్కెట్ ప్యాకెట్ గూడా అదే."

నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. వాడే మళ్ళీ అందుకున్నాడు.

"సరేలే. అన్నం తిన్యావా?"

ఏదీ పాడవకుండా ఊరికే ఫోన్ చేయడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మద్దిలేటి అది నేర్పకుండానే వెళ్ళిపోయాడు.